బేబిగారి గొలుసు, వెండి గ్లాసు

వానలు బాగా పట్టిన వారంలో ఒక శుక్రవారం ఉదయం, మా ముక్తేశ్వరం బడి హెడ్మాస్టరు సత్యప్రసాద్ గారు మెడలో ఆడవాళ్ళ గొలుసు వేసుకుని ప్రార్థనకు వచ్చారు. రెండు పేటల గొలుసు, కింద అరచేతిలో సగం ఉండే బిళ్ళ. చొక్కా లోపలికి దోపుకున్నారు గానీ గొలుసు పొడుగుది కావడం వల్ల బిళ్ళ గుండీల సందులోంచి బయటికి వచ్చి, వాన వెలిసిన ఎండలో తళతళలాడుతూ ఉంది. ఆయన బుగ్గలు రెండూ వాచి ఉన్నాయి. మొహం పై భాగం కంటే కింది భాగం వెడల్పుగా ఉంది. ప్రతిజ్ఞ ఆయనే చెప్పించారు. దవడ తెరుచుకోక "సహోదరులు" అనే మాట "సోదల్లు" అని వచ్చింది. పిల్లలు కూడా ఎంతో శ్రద్ధగా "సోదల్లు" అన్నారు. తర్వాత ఎవరి తరగతికి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఎవరూ నవ్వలేదు. ఎందుకు నవ్వుతారు? ఆ గొలుసు బడిలో చాలామందికి పరిచయమే. అది బేబిగారి గొలుసు.

మా వైపు పిల్లలకి గవదబిళ్ళలు వస్తే మెడలో బంగారు గొలుసు వేస్తారు. ఎందుకయ్యా అంటే, చెవుల కింద వాపుని బంగారం లాగేస్తుందట. రుజువు కూడా ఉంది. గొలుసు వేసిన ప్రతి పిల్లవాడికీ వారం పది రోజుల్లో తగ్గిపోయింది. వెయ్యని పిల్లవాడికి కూడా వారం పది రోజుల్లోనే తగ్గుతుందనుకోండి, కానీ వాడి గురించి ఎవరు చెప్పుకుంటారు? వేస్తే కాస్త గొప్పగా తగ్గుతుంది, అంతే.

బేబిగారికి యాభై దాటి చాలా కాలమైంది. ఆ పేరు మాత్రం ఆవిడతో పాటు పెరగలేదు. మనిషి నిండుగా ఉంటారు, నవ్వితే వీధి చివరికి వినబడుతుంది. భర్త కుమారస్వామిగారు రేవులో పంటు మీద పనిచేస్తారు. గోదావరి మీద ఇటు మనుషుల్నీ బళ్ళనీ ఎక్కించుకుని అటు కోటిపల్లిలో దింపడం, అటువాళ్ళని ఇటు తేవడం. ఇల్లు అంతమాత్రంతో నిలబడక బేబిగారు కువైటు వెళ్ళి, ఒక ఇంట్లో వంటా పిల్లలూ చూసుకుంటూ ఏళ్ళకేళ్ళు ఉండిపోయారు. అక్కడి పిల్లలకి ముద్దలు కలిపి పెడుతూ, ఇక్కడ తన కూతురు వీరలక్ష్మి ఏం తిందో ఫోనులో కనుక్కునేవారు.

అలా ఒకసారి ఫోను చేస్తే వీరలక్ష్మి మాట్లాడలేదు. బుగ్గలు వాచాయి. ఇంట్లో బంగారం లేదు. బేబిగారి అత్తగారు ఒక ఇంటికి వెళ్ళి గొలుసు అడిగితే, వాళ్ళు ఆవిడని గేటు అవతలే నిలబెట్టి మాట్లాడి పంపేశారట. గొలుసు ఇవ్వలేదన్న బాధ కంటే నిలబెట్టారన్నది బేబిగారి గొంతులో ముల్లులా ఉండిపోయింది. కువైటు నుంచి వచ్చేటప్పుడు ఆవిడ తెచ్చుకున్నది ఆ ఒక్క గొలుసు. దాన్ని ఆవిడ ఒక్కనాడూ వేసుకోలేదు. అది ఊళ్ళో పిల్లల బుగ్గల కోసమే.

"నా ఇంటికి గొలుసడగడానికి వచ్చిన తల్లి గుమ్మంలో నిలబడకూడదండి. ఏ తల్లైనా సరే," అనేవారు.

నిలబడేది కూడా కాదు. గేటు చప్పుడైతే చాలు, "రండి రండి, లోపలికి రండి," అని వసారాలో చాప పరిచి, చెట్టు మీంచి దింపిన బొండాం కొట్టించి, ఆ నీళ్ళు వెండి గ్లాసులో పోసి ఇచ్చేవారు. ముందు జబ్బు పిల్లవాడికి, తర్వాత తోడొచ్చిన చెల్లికి, తర్వాత తల్లికి. గ్లాసు ఒక్కటే. వచ్చినవాళ్ళని స్టీలు గ్లాసుతో సరిపెట్టడం ఆవిడకి చేతకాదు. మధ్యమధ్యలో బిందెలో ఒక్కసారి ముంచి తీసేవారు. గొలుసుకి మాత్రం పిల్లవాడికీ పిల్లవాడికీ మధ్య కుంకుడురసంతో తలంటు.

ఈ వేసవిలో రాయవరంలో పెళ్ళికి వెళ్ళొచ్చిన ఒక పిల్లకి బుగ్గలు వాచాయి. గొలుసు వేశారు, తగ్గింది. కొన్నాళ్ళకి ఇద్దరికి వాచాయి. బడి తెరిచేసరికి ఆరేడుగురు. గొలుసు ఒక్కటి, మెడలు ఎక్కువ. దాంతో ఇళ్ళకి పంపడం మానేసి, అందర్నీ తన వసారాలోనే కూర్చోబెట్టి వంతులు పెట్టారు. ఒకడి మెడలో గొలుసు ఉన్నంతసేపూ మిగతావాళ్ళు చాప మీద కూర్చుని గవ్వలాడుకునేవారు. బుగ్గలు వాచని అన్నదమ్ములు కూడా వచ్చేవారు, గవ్వలాట కోసం, బొండాం నీళ్ళ కోసం. వసారా చూస్తే ఏదో పండగలా ఉండేది. బుగ్గలన్నీ పూర్ణాల్లా ఉండేవి కూడా.

ఆ గురువారం సాయంత్రం, బడికి రాని పిల్లలంతా అక్కడున్నారని తెలిసి, కనుక్కుందామని మేష్టారు వచ్చారు.

"మేష్టారూ, ఇలా వెలుతురులోకి రండి," అన్నారు బేబిగారు. "మీక్కూడా వచ్చేసిందండోయ్!"

"పన్ను పోటనుకుంటున్నానండి."

"రెండు పక్కలా ఒకేసారి పన్ను పోటేవిటండీ? ఉండండి, గొలుసు వేస్తాను."

"అబ్బే, నాకెందుకండీ, బాగోదండి..."

"బాగోపోవడమేవిటండి, మీకు నప్పుతుంది కూడాను. రాత్రికి ఉంచుకోండి."

వద్దు అని గట్టిగా అనడం మేష్టారికి రాదు. మా వైపు చాలామందికి రాదు. వేయించుకుని వెళ్ళారు. తెల్లవారాక తీసి ఇంట్లో పెడదామంటే, ఇంత బంగారం ఇంట్లో పెట్టుకుని తను ఒక్కత్తీ ఉండలేనని వాళ్ళావిడ అన్నారు. అందుకని బడికి వేసుకొచ్చారు.

ఆ శుక్రవారమే సచివాలయం నర్సు లక్ష్మీతులసి పిల్లల టీకాల సంగతి చూడడానికి బడికి వచ్చింది. ఐనవిల్లి అమ్మాయి, ఈ ఊరు కొత్త. నెమ్మదిగా మాట్లాడుతుంది. మేష్టార్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేవిటండీ మేష్టారూ?"

"గొలుసండి."

"అది కనబడుతోందండి. మీరెందుకొచ్చేరని అడుగుతున్నాను."

"ప్రార్థనకండి."

"ఎప్పట్నించి వాచిందండి?"

"నిన్న పొద్దున్నించండి."

"మరి అయిదు రోజులు ఇంట్లోంచి కదలకూడదు కదండీ! దగ్గినా, తుమ్మినా, గట్టిగా పాఠం చెప్పినా ఆ తుంపర్లతో అవతలివాళ్ళకి అంటేస్తుందండి."

"నేను గట్టిగానే చెప్తానండి," అన్నారు మేష్టారు, కొంచెం గర్వంగా.

"పైగా పెద్దవాళ్ళకి వస్తే ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలండి. తలపోటు ఎక్కువైనా, వాంతులైనా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మగవాళ్ళకి ఒక్కోసారి... వాపు ఇంకో చోటికి కూడా దిగుతుందండి. అప్పుడు అసలు ఆలస్యం చెయ్యకూడదు."

"ఏ చోటికండి?"

లక్ష్మీతులసి నేల వైపు చూసింది. మేష్టారూ నేల వైపు చూశారు. అక్కడేమీ కనబడలేదు. కాసేపటికి విషయం బోధపడి, బండి స్టార్టు చెయ్యకుండా, సీటు మీద కూర్చోకుండా, నడిపించుకుంటూ ఇంటికి వెళ్ళిపోయారు. గొలుసు మాత్రం నర్సు చేతికి రుమాల్లో చుట్టి ఇచ్చారు. ఈ "ఇంకో చోటు" మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకి, రోజూ బేబిగారి అరుగు మీద ఫోన్లు చూసుకుంటూ కూర్చునే పెళ్ళికాని కుర్రాళ్ళు ఒక్కరూ ఆ దరిదాపులకి రాలేదు.

లక్ష్మీతులసి రుమాలు పట్టుకుని బేబిగారింటికి వచ్చింది. వసారాలో నలుగురు పూర్ణం బుగ్గల పిల్లలు గొలుసు కోసం ఎదురు చూస్తున్నారు. పక్కింటి గంగాదేవి కొడుకు తాతాజీ బుగ్గలు వాచకపోయినా వాళ్ళ మధ్యే కూర్చుని, వెండి గ్లాసు ఎత్తి చివరి చుక్క దాకా తాగుతున్నాడు.

"రామ్మా, రా! ఎండన పడి వచ్చేవు. ముందు కాసిని నీళ్ళు తాగు," అంటూ బేబిగారు తాతాజీ చేతిలో గ్లాసు అందుకుని, బిందెలో ముంచి, బొండాం నీళ్ళు పోసి, గొలుసున్న రుమాలు తను తీసుకుని గ్లాసు ఆమె చేతిలో పెట్టారు.

పాపం, తనూ ఈ వైపు పిల్లే. వద్దండి అనలేకపోయింది. ఆ తర్వాత జరిగిన మాటలన్నీ ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకునే, పెదవులకి జానెడు దూరంలోనే ఉంచి మాట్లాడింది.

"పిన్నిగారూ, మేష్టారు మీ ఇంటికి ఇదివరకు వచ్చేరాండి?"

"బడి తెరిచిన కొత్తలో వచ్చేరమ్మా. పిల్లల్ని చేర్పించమని."

"నీళ్ళు తాగేరా?"

"తాగకుండా ఎలా పంపుతానమ్మా?"

"ఈ గ్లాసులోనేనాండి?"

"మరి? హెడ్మాస్టరు గారికి స్టీలు గ్లాసులో ఇస్తారా ఎవరైనా!"

లక్ష్మీతులసి గ్లాసులోకి చూసింది. "ఇది ఇవాళ అంటితే రేపే బయటపడే జబ్బు కాదండి. రెండు మూడు వారాలు లోపల కూర్చుంటుంది. ఇవాళ తాగిన ఎంగిలి అప్పుడెప్పుడో బుగ్గలో కనబడుతుంది. అందుకే ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు. పైగా బుగ్గ వాచడానికి ఒకటి రెండు రోజుల ముందునించే పక్కవాళ్ళకి అంటుతుందండి. అప్పుడు పిల్లాడు చూడ్డానికి బాగానే ఉంటాడు. గవ్వలాడుతూ ఉంటాడు."

బేబిగారు చాప మీది పిల్లల్ని ఒక్కొక్కర్నీ చూశారు. వాచినవాళ్ళనీ, వాచనివాళ్ళనీ.

"అయితే గొలుసు కాదన్నమాట."

"గొలుసు పాపం ఏం చేసిందండి? శుభ్రంగా కడుగుతున్నారు కూడాను. ఈ గ్లాసూ, అందరూ ఒక్కచోట చేరడమూనండి."

"అంటే నా చేత్తోనే పోసి ఇచ్చేనా?"

లక్ష్మీతులసి గ్లాసు ఇంకాస్త దూరంగా పట్టుకుంది. ఎదురింటి నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్న నేను, బేబిగారు నవ్వకుండా ఉండడం చూసింది అప్పుడే. తర్వాత ఆవిడే అన్నారు, గొంతు తగ్గించి:

"ఇప్పుడేం చెయ్యమంటావు? గొలుసు పెట్లో పెట్టేసి, వచ్చిన తల్లిని గేటు అవతల నిలబెట్టి లేదు పొమ్మనమంటావా? మా అత్తగార్ని నిలబెట్టినట్టు?"

"నేనలా అనలేదండి."

"ఏం అన్నా అదేనమ్మా అర్థం."

లక్ష్మీతులసి ఇంక అక్కడ వాదించలేదు. గ్లాసు అలాగే గట్టు మీద పెట్టి, ఇల్లిల్లూ తిరిగింది. వాచిన పిల్లల్ని అయిదు రోజులు బయటికి పంపకండి, కంచాలూ గ్లాసులూ తువ్వాళ్ళూ వేరుగా పెట్టండి, చేతులు సబ్బుతో కడిగించండి అని ప్రతి ఇంటా చెప్పింది. "మనం ఇచ్చే టీకాలో తట్టుకీ రుబెల్లాకీ ఉంది గానీ గవదబిళ్ళలకి లేదండి. ఆ మూడూ కలిసిన సూది పిల్లల డాక్టరు దగ్గర ఉంటుంది, చిన్నపిల్లలున్నవాళ్ళు అడగండి," అని కూడా చెప్పింది. అందరూ "ఆయ్, అలాగేనండి," అన్నారు. ఎంతో మర్యాదగా అన్నారు. ఆమె వీధి మలుపు తిరగగానే పిల్లల్ని వదిలేశారు. పిల్లలు తిన్నగా బేబిగారి వసారాకి వచ్చారు. బేబిగారు తలుపు తీయలేదు. ఆ ఇంటి తలుపు మూసి ఉండడం చూసి దారినపోయేవాళ్ళు ఎవరికైనా బాగాలేదేమో అనుకున్నారు.

లోపల ఆవిడ అన్నం తినలేదని కుమారస్వామిగారు కంగారు పడ్డారు. ఓదార్చడం ఆయనకి రాదు. వచ్చింది చెప్పారు.

"పోన్లే, ఓ రకంగా మంచిదే అయింది. నిన్న నీ గొలుసు మేష్టారి మెడలో పడుకుంటే నాకిక్కడ కునుకు పట్టలేదు. అంత బంగారం వేసిన పిల్లల్ని తల్లులు వీధిలోకి ఎలా పంపుతారో గానీ, నేనైతే గడప దాటనివ్వను. పంటు కూడా ఎక్కనివ్వను."

బేబిగారు కంచం ముందుకి లాక్కున్నారు. "ఇంకోసారి చెప్పండి."

"ఏం చెప్పాను?"

"ఏం లేదు. కాస్త పులుసు వెయ్యండి."

మర్నాడు పొద్దున్నే ఆవిడ నన్ను తోడు రమ్మన్నారు. ఎక్కడికో చెప్పలేదు. అమలాపురంలో బస్సు దిగి, బంగారం కొట్లన్నీ దాటించి, కవరింగు నగల కొట్లోకి తీసుకెళ్ళారు. తన గొలుసు బల్ల మీద పెట్టి, "అచ్చం ఇలాంటివి కావాలి. కాస్త బిళ్ళ పెద్దదైనా ఫరవాలేదు," అన్నారు.

కొట్టాయన మురిసిపోయారు. "పెళ్ళికాండి?"

"కాదండి. గవదబిళ్ళలకి."

 చకచకా పొట్లాలు కట్టి ఇచ్చేశారు. బస్సులో ఆవిడ పొట్లాలన్నీ సంచిలో కలిపేశారు. అసలుది ఏదో ఆవిడకి తెలుసు, నాకు తెలియదు. ఒట్టు.

ఆ సాయంత్రం ఆవిడ చేసిన పని ఏమిటంటే, ఏ తల్లినీ తన గేటుకి రానివ్వలేదు. తనే ఒక్కో తల్లి గేటు దగ్గరికి వెళ్ళి, బయటే నిలబడ్డారు. మొదట గంగాదేవి ఇల్లు. తాతాజీకి ఆ పొద్దున్నే కుడిబుగ్గ ఉబ్బింది.

"గంగాదేవీ! గొలుసు తెచ్చేను!"

"అయ్యో, గేటు దగ్గర నిలబడ్డారేవిటండి పిన్నిగారూ! లోపలికి రండి, కాఫీ పెడతాను."

"నేను రాను. ఇదుగో, నువ్వే వెయ్యి. వేసిన దగ్గర్నించీ వీడు గేటు దాటకూడదు. వాపు వచ్చిన దగ్గర్నించీ అయిదు రోజులు నిండాలి. ఎవర్నీ లోపలికి రానివ్వకూడదు, ఎవరింటికీ పంపకూడదు. వీడి గ్లాసు, కంచం, తువ్వాలు వీడివే. దగ్గితే మోచెయ్యి అడ్డం పెట్టుకోమను. వీడి పని చేసినప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కో. మెత్తగా జావ పట్టు, నీళ్ళు బాగా తాగించు. పులుపు పెట్టకు, దవడ లాగేస్తుంది. వీటిల్లో ఏది తప్పినా గొలుసు పనిచెయ్యదు."

"ఆయ్," అంది గంగాదేవి. తర్వాత గొలుసు అరచేతిలో తూచి చూసింది. మొహం మారిపోయింది. "ఇంత వస్తువు మా ఇంట్లోనాండి? అన్ని రోజులాండి? పోతేనో?"

"పోతే ఇంకేముందమ్మా," అన్నారు బేబిగారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. బంగారం అనే మాట ఆవిడ ఏ గేటు దగ్గరా అనలేదు. గొలుసు అనే అన్నారు.

ఇంక చూడాలి మా వీధి! నర్సు చెబితే ఆగని పిల్లలు ఒక్కసారిగా మాయమైపోయారు. గంగాదేవి గేటుకి తాళం వేసింది. ఆమె భర్త హరిబాబు చేపల చెరువు దగ్గరికి వెళ్ళడం మానేసి, కొడుకు మంచం పక్కన కర్ర పట్టుకుని కూర్చున్నాడు. తాతాజీ కిటికీ దగ్గరికి వెళ్తే "లోపలికి రారా, మెడ కనబడుతుంది!" అని కేక. దాహం వేస్తే వాడి గ్లాసు వాడికే వచ్చేది, వేరే ఎవరూ ఆ గదిలోకి అడుగు పెట్టడానికి లేదు. చుట్టాలు పలకరించడానికి వస్తే గేటు బయటినించే "బాగున్నాడండి, బాగున్నాడు!" అని పంపేసేవారు. ప్రతి ఇంట్లోనూ తమదే అసలు గొలుసు అనుకున్నారు. పక్కింటికి వేరేది వెళ్ళిందని తెలిసినా, "వాళ్ళది కవరింగు అయ్యుంటుంది, మన మీద నమ్మకంతో అసలుది మనకిచ్చేరు," అనుకుని ఇంకాస్త గట్టిగా తలుపులేసుకున్నారు.

లక్ష్మీతులసి మళ్ళీ ఇల్లిల్లూ తిరగడానికి వచ్చి, తాళాలు చూసి బిత్తరపోయింది. విషయం తెలిశాక బేబిగారి వసారాలో కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "నాకూ ఒక గొలుసు ఉంటే బాగుండేదండి, మొన్న వీధంతా తిరిగినప్పుడు."

"నీకెందుకమ్మా గొలుసు? నీ మాటే వేసి పంపేను దాంతో," అన్నారు బేబిగారు. ఆ రోజు నీళ్ళు ఆవిడ గ్లాసులో పోయలేదు. బొండాం పైన చెక్కి, బొండాం ఏకంగా చేతికిచ్చారు. తిరిగి ఇంకొకళ్ళకి ఇవ్వడానికి వీల్లేని గ్లాసు. లక్ష్మీతులసి ఈసారి గడగడా తాగేసింది.

మేష్టారు ఇంట్లో అయిదు రోజులూ పంచె కట్టుకుని, కదిలితే ఏమవుతుందోనని కదలకుండా కూర్చున్నారు. ఏమీ కాలేదు. బడికి తిరిగి వచ్చిన రోజున "సహోదరులు" స్పష్టంగా పలికారు. అక్కణ్ణించి మూడు వారాలూ లక్ష్మీతులసి రోజూ బడికి వచ్చి పిల్లల బుగ్గలు చూసి వెళ్ళేది. లోపల కూర్చున్నవి ఒకటి రెండు బయటపడ్డాయి. వాటికీ గొలుసులు వెళ్ళాయి, తాళాలు పడ్డాయి. ఆ తర్వాత ఇంక లేవు. బేబిగారి వసారా ఖాళీగా ఉంది. ఆవిడ రోజూ దాన్ని తుడిచి, ఎవరూ లేని చాప పరిచి, "ఇలా ఉంటే బాగోలేదండి, కానీ బాగుంది," అనేవారు.

గొలుసులు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఆఖరిది గంగాదేవిది. ఆమె దాన్ని పళ్ళెంలో పెట్టుకుని, తాతాజీ రెక్క పట్టుకుని లాక్కుంటూ వచ్చింది. బుగ్గలు శుభ్రంగా తగ్గిపోయాయి. మెడ చుట్టూ మాత్రం ఆకుపచ్చగా, కాలవ గట్టు మీద పాకుడులా ఒక పట్టీ.

వసారాలో లక్ష్మీతులసి ఉంది, నేనున్నాను, కుమారస్వామిగారున్నారు. అందరం ఎటో చూడడం మొదలుపెట్టాం.

"ఇదేవిటండీ పిన్నిగారూ!" అంది గంగాదేవి, కొడుకు గడ్డం పైకెత్తి చూపిస్తూ. "కర్ర పట్టుకుని కాపలా కాసేం, నిద్ర మానేసేం, చెరువు మానేసేం. తీరా చూస్తే మీ గొలుసుకి మా వాడి మెడంతా పచ్చబడిపోయిందండీ!"

బేబిగారు కళ్ళజోడు పెట్టుకుని, ఆ మెడని ఇటు తిప్పి అటు తిప్పి, తృప్తిగా తల పంకించారు.

"బుగ్గలోది మెడలోకి దిగిందమ్మా, కుంకుడుకాయ పెట్టి కడిగెయ్యి, ఆయ్."